సీరియల్ సెట్లో పోయిన బల్బుల చోట ఏ బల్బులు వేయాలి?

ప్రశ్న: మా ఇంట్లో 40 బల్బుల పాత సీరియల్ సెట్ ఉంది, ఫిలమెంట్ రకం. మూడు నాలుగు బల్బులు పోయినా లైను వెలుగుతూనే ఉండేది. అదే సైజువి రెండు తెచ్చి వేస్తే ఒకటి నిమిషంలో మాడిపోయి లైనంతా ఆరిపోయింది. ఇంకోటి వేస్తే లైను వెలుగుతోంది గానీ ఆ బల్బు వెలగదు. ఏం చూసి కొనాలి? ఎల్ఈడీలు వేసుకోవచ్చా?

జవాబు:

మీరు సైజు చూసి కొన్నారు. చూడాల్సింది బల్బు వోల్టేజి, అది తీసుకునే కరెంటు. బియ్యపు గింజంత బల్బు మీద ఇవేవీ రాసి ఉండవు కాబట్టి లెక్క మనమే వేసుకోవాలి.

సెట్ వెలుగుతుండగా ప్లగ్గు తీసి, ఒక మంచి బల్బు లాగేసి, మళ్లీ ప్లగ్గు పెట్టండి. ఎన్ని బల్బులు కలిసి ఆరిపోయాయో లెక్కపెట్టండి, ఖాళీ హోల్డరుతో సహా. అదే ఒక వరస. మన ఇంటి కరెంటు వోల్టేజి 230ని ఆ సంఖ్యతో భాగించండి. 40 అయితే 5.75, అంటే 6 వోల్టుల బల్బు. 20 అయితే 12 వోల్టులది. అట్టపెట్టె మీద 80 అని ఉన్నా లోపల 40, 40గా రెండు వరసలు ఉండొచ్చు. అందుకే పెట్టె మీది అంకెను నమ్మకుండా ఆరిపోయినవే లెక్కపెట్టమంటున్నాను.

ఒక్కో బల్బుకి ఆరు వోల్టులే కదా అని ఖాళీ హోల్డరులో వేలు పెట్టేరు సుమా. బల్బు తీసిన హోల్డరులోని రెండు రేకుల మధ్య మొత్తం 230 వోల్టులూ నిలబడి ఉంటుంది. స్విచ్చాపితే చాలదు, స్విచ్ న్యూట్రల్ వైపు ఉంటే ఆపినా తీగలో ఫేజు అలాగే ఉంటుంది. బల్బు ముట్టుకునే ప్రతిసారీ ప్లగ్గే పీకాలి.

వోల్టేజి సరిపోయినా మీ బల్బు ఎందుకు మాడిందంటే, కారణం కరెంటు. మీ సెట్లోవి 6 వోల్టులు, 100 మిల్లీయాంపులవి అనుకుందాం. ఒక్కో దాని నిరోధం 60 ఓములు, 40కి 2400. లైనులో సుమారు 96 మిల్లీయాంపులు పారుతుంది. అందులో 6 వోల్టులదే, కానీ 50 మిల్లీయాంపుల బల్బు పెట్టారనుకోండి. దాని నిరోధం 120 ఓములు. లైను కరెంటు పెద్దగా తగ్గదు, ఈ ఒక్క బల్బు మీద మాత్రం 11 వోల్టులు దాటుతుంది. తెల్లగా ఒక్క వెలుగు వెలిగి పోతుంది. అదే 300 మిల్లీయాంపుల టార్చిలైటు బల్బు పెడితే కథ తిరగబడుతుంది: దానికి కావలసిన కరెంటులో మూడో వంతే అందుతుంది, ఫిలమెంటు ఎర్రబడను కూడా ఎర్రబడదు. మీ రెండో బల్బు ఈ జాతిదే అయ్యుండాలి.

అయితే దాన్ని పారేసే ముందు కాళ్లు చూడండి. ఈ బల్బుల అడుగున రెండు సన్నని తీగలు ప్లాస్టిక్ దిమ్మె రంధ్రాల్లోంచి దిగి, చెరో పక్కకీ మడిచి ఉంటాయి. అవి ఒకదానికొకటి తగిలితే కరెంటు ఫిలమెంటులోకి పోకుండా అడ్డదారిన వెళ్లిపోతుంది, లైను వెలుగుతుంది, ఆ బల్బు వెలగదు. కొత్త బల్బుతో వచ్చే దిమ్మె మీ హోల్డరులో పట్టకపోవడం మామూలే. పాత దిమ్మెనే వాడుకోండి: మడతలు నిటారుగా చేసి పాత బల్బు లాగేసి, కొత్త బల్బు కాళ్లు అవే రంధ్రాల్లో దించి, చెరో పక్కకీ పైకి మడిస్తే సరి.

ఇక మూడు నాలుగు పోయినా లైను ఎందుకు వెలిగిందో చెబుతాను. మీ పాత బల్బుల్లో ఫిలమెంటు అడుగున రెండు కాళ్లనీ చుట్టి సన్నని షంటు తీగ ఉంటుంది. దాని మీది పూత మామూలప్పుడు కరెంటును ఆపుతుంది. ఫిలమెంటు తెగగానే మొత్తం వోల్టేజి దాని మీదే పడి పూత చిల్లులు పడుతుంది, తెగిన దారి షంటు ద్వారా కలుస్తుంది, లైను మళ్లీ వెలుగుతుంది. మీరు తెచ్చిన బల్బులో షంటు లేదు, అందుకే అది పోగానే అన్నీ ఆరిపోయాయి.

షంటు ఉంది కదా అని పోయిన బల్బుల్ని అలాగే వదిలేయడం మాత్రం సెట్టుకి చేటు. 40లో 4 పోతే మిగిలిన 36కీ తలా 6.4 వోల్టులు, అంటే 11 శాతం ఎక్కువ. ఫిలమెంట్ బల్బుకి పది శాతం వోల్టేజి పెరిగితే ఆయుష్షు ఇంచుమించు మూడో వంతుకి పడిపోతుంది. తర్వాతది ఇంకా త్వరగా పోతుంది, ఆపైన వరస కట్టి పోతాయి. కొత్తవి తెచ్చే లోపు మిగతా బల్బులు మరీ తెల్లగా వెలుగుతున్నట్టు కనిపిస్తే సెట్ వాడకండి.

కొనడానికి వెళ్లేటప్పుడు పాత బల్బొకటి చేతిలో పట్టుకెళ్లినంత మాత్రాన లాభం లేదు, సెట్టే పట్టుకెళ్లండి. హైదరాబాదులో కోఠి గుజరాతీ గల్లీ లాంటి చోట వేసి చూపించమని అడగొచ్చు. పక్క బల్బుతో సమానంగా వెలిగి, ఐదు నిమిషాలు నిలబడితే కరెంటు కుదిరినట్టే. నా సలహా వేరే: అదే కంపెనీ, అదే సంఖ్య ఉన్న సెట్ ఇంకోటి కొని, విడి బల్బుల కోసం అట్టిపెట్టుకోండి. విడిగా బల్బులు వెతికే తిప్పలు తప్పుతాయి. ఒక జాగ్రత్త: కొన్ని సెట్లలో ఒక్క బల్బు మిణుకు బల్బు, లోపల రెండు లోహాల రేకు వేడికి వంగి కరెంటు తెంపుతుంది. పొరపాటున దాన్ని తెచ్చి మీ సెట్లో పెట్టారంటే మీ వరసంతా మిణుకుతుంది.

ఎల్ఈడీ సంగతి. ఫిలమెంట్ సెట్లో ఒకటీ అరా ఎల్ఈడీ పెట్టడం కుదరదు. అది సాధారణంగా 20 మిల్లీయాంపులది, మీ లైనులో పారేది 96. మొత్తం సెట్టే మార్చాలి. ఎల్ఈడీ సెట్లో ఒకటి పోతే దాని చోట ఎల్ఈడీయే వేయాలి, దిశ చూసుకుని: పొడుగు కాలు ప్లస్సు, అంచు చదునుగా చెక్కి ఉన్న వైపు మైనస్సు. కొనేముందు 3 వోల్టుల నాణెం బ్యాటరీకి కాళ్లు రెండు పక్కలా ఆనించి చూడండి. రంగురంగుల సెట్లలో ఒక్కో రంగు ఒక్కో వరసగా ఉండటం ఎక్కువ, ఎరుపు ఒక్కటే వెలగకపోతే ఎరుపు వరసలోనే వెతకాలి. బ్యాటరీ మీద నడిచే సన్నని రాగి తీగ సెట్లు వేరే రకం, అందులో అన్నీ సమాంతరంగా, అంటే ఒక్కోటీ విడిగా అవే రెండు తీగల మధ్య, ఉంటాయి. తెల్లవాటి మధ్య ఒక ఎరుపు పెడితే కరెంటంతా అదే లాగేసుకుని మిగతావి మసకబారతాయి. వాటికి మరమ్మతు దండగ.

అమెరికా నుంచి తెచ్చుకున్న సెట్లయితే లెక్క అక్కడి 120 వోల్టులతో వేయాలి. అక్కడి 50 బల్బుల వరసలో ఒక్కోటీ 2.5 వోల్టులది. మన ప్లగ్గులో పెడితే ఒక్కో దానికీ 4.6 వోల్టులు పడి క్షణాల్లో పోతాయి. అలాంటి సెట్టుకి వోల్టేజి తగ్గించే ట్రాన్స్‌ఫార్మరు పెట్టాల్సిందే.