దశమ భాగం, మూడు రూపాయల వడ్డీ

చిత్తూరు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు.

‘‘సార్, నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని, జీతం 19,000. మా ఆయన ఆటో నడుపుతారు, డీజిలు పోను నెలకు 15,000 దాకా వస్తుంది. నేను బాప్తిస్మం తీసుకుని పదకొండేళ్లయింది. ఆయన గుడికి పోతారు, నన్ను చర్చికి పోవద్దని ఏనాడూ అనలేదు. మా అత్తకు 71 ఏళ్లు. ఆమె ఆపరేషన్‌కు నూటికి మూడు రూపాయల వడ్డీతో లక్షన్నర తెచ్చి 26 నెలలైంది. రెండేళ్లుగా నగలు బ్యాంకులో ఉన్నాయి, వాటిమీద 90,000 అప్పు. నెలనెలా ఎక్కడో ఒకచోట చేబదులు తేవాల్సి వస్తోంది. దశమ భాగం 3,400 ఆపేస్తే దుడ్లు సరిపోతాయని ఆయన అంటారు. ఆపితే దేవునిది దొంగిలించినట్టేనని సంఘంలో అంటారు. మందిరం కట్టడానికి 50,000 ఇస్తానని అందరి ముందూ మొక్కుకున్నాను, ఇంకా 38,000 ఇవ్వాలి. ఊళ్లో గంగమ్మ జాతరకు ఇంటికి రెండు వేల చందా అన్నారు. నా మనస్సాక్షి ఒప్పుకోదంటే, నీ దేవుడికి పదో వంతు ఇస్తావు, మా గంగమ్మకు ఇయ్యవా అని ఆయనకు కోపం. మా అన్న కారు లోనుకు జామీను ఉండమంటున్నాడు. నేనేం చేయాలి?’’

అమ్మా, ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను క్రైస్తవుణ్ణి కాను. కుబేరుడికి ఇంకా వడ్డీ కడుతూనే ఉన్నాడని చెప్పుకునే స్వామి కొండ కింద, తిరుపతిలో డబ్బు లెక్కల సలహాలు చెప్పే ఆఫీసు పెట్టుకున్నవాణ్ణి. మా నాన్న పసుపు గుడ్డలో ముడుపు కట్టేవాడు. ఒక ఏడాది అది చాలక షావుకారు దగ్గర అప్పు తెచ్చి మొక్కు తీర్చాడు. ‘స్వామి బాకీ తీరింది, షావుకారు బాకీ మొదలైంది’ అని మా అమ్మ చాలా రోజులు అంటూనే ఉండేది. అయితే నేను మిషన్ స్కూల్లో చదివాను. ఏడేళ్లు బైబిల్ పీరియడ్‌లో కూర్చున్నాను. ఆ చదువు ఇన్నాళ్లకు పనికొస్తోంది.

మీరు పంపిన నెల ఖర్చుల లెక్క ఫొటో పెద్దది చేసి చూశాను. పాప లాంగ్ నోట్‌బుక్ పేజీలా ఉంది. మొదటి వరుసలో ‘దశమ భాగం 3,400’. కింద అద్దె 5,500, సరుకులు, పాలు, గ్యాస్ 9,500, పిల్లల చదువు 3,500, కరెంటు, ఫోన్లు 1,500, వడ్డీ 4,500, గ్రూపు లోను 2,300, చీటీ 5,000. ఆఖరి వరుసలో ‘అత్త మందులు 2,200’, దాని పక్కన పెన్సిల్‌తో ‘ఈ నెల సగమే కొన్నాం’. మొత్తం 37,400. రాబడి 34,000. తక్కువ పడేది సరిగ్గా 3,400. మీ ఆయన వేలు ఆ మొదటి వరుస మీదే ఎందుకు పడిందో అర్థమైంది.

కానీ దొంగ ఆ వరుసలో లేడు. ఈ 26 నెలల్లో మీరు కట్టిన వడ్డీ 1,17,000. అసలు లక్షన్నరలో రూపాయి కూడా తగ్గలేదు. నూటికి మూడంటే ఏడాదికి 36 శాతం. ఇంకో సంగతి, నగల లోను వడ్డీ మీ జాబితాలోనే లేదు. ఏడాదికోసారి కట్టి తిరగరాయిస్తారు కాబట్టి మరిచిపోయి ఉంటారు. ఏడాదికి పది శాతం అనుకున్నా నెలకు 750. అంటే నెలనెలా నిజంగా తక్కువ పడుతున్నది 4,150.

ఇక చీటీ. లక్ష రూపాయలది, 20 నెలలది, 13 కట్టారు, ఇంకా పాడుకోలేదు. ఆఖరుదాకా ఉంచితే కమిషన్ పోను 95,000 వస్తుందని మీ ఆశ. వచ్చే నెల పాడితే, పోటీ తగ్గింది కాబట్టి, 90,000 దాకా రావచ్చు. ఆ 90,000 వడ్డీ వ్యాపారికి కడితే నెలకు 2,700 వడ్డీ తగ్గుతుంది, ఆరు నెలలకు 16,200. ఐదు వేలు మిగలాలని పదహారు వేలు పోగొట్టుకుంటున్నారమ్మా. చీటీ మన పొదుపు, అప్పు మన కష్టం అని రెంటినీ వేర్వేరు డబ్బాల్లో పెట్టుకునే అలవాటు మనకు ఉంది. నా దగ్గరికి వచ్చే ఉద్యోగస్తుల్లోనూ చాలామంది ఇదే చేస్తారు.

మిగిలిన అరవై వేలకు బ్యాంకుకు వెళ్లండి. రెండేళ్లలో బంగారం ధర బాగా పెరిగింది. అవే నగలమీద ఇప్పుడు ఎంత ఇస్తారో అడిగి, 60,000 మాత్రమే అదనంగా తీసుకోండి. ఇంకా వస్తుందని చెప్పినా తీసుకోకండి. అప్పుడు బ్యాంకు బాకీ లక్షన్నర, వడ్డీ నెలకు సుమారు 1,250. వ్యాపారికి కట్టే 4,500 పూర్తిగా పోతుంది. ఇంటి ఖర్చులు, గ్రూపు లోను, చీటీ, ఈ వడ్డీ అన్నీ కలిపి 30,750. చేతిలో 3,250 మిగులుతుంది. ఆరు నెలల్లో చీటీ కంతులు అయిపోతాయి. ఆ 5,000 నెలనెలా నగల లోను అసలుకే కట్టండి.

ఇప్పుడు మిమ్మల్ని నిజంగా నలిపేస్తున్న విషయానికి వద్దాం.

మీరు పదో భాగం 34,000 మీద తీస్తున్నారు. అందులో 15,000 మీ ఆయన ఎండలో ఆటో తిప్పి తెచ్చింది, ఆయన మనసు అందులో లేదు. కొరింథీయులకు రాసిన రెండో పత్రిక తొమ్మిదో అధ్యాయంలో పౌలు చెప్పింది, సణుక్కోకుండా, బలవంతం లేకుండా, ఎవరికి వారు మనసులో నిశ్చయించుకున్న ప్రకారం ఇవ్వమని. మీ ఆయన సణుగుతున్నారుగా! మీ జీతంలో పదో భాగం 1,900. అది మీరు నిశ్చయించుకుని ఇచ్చుకోండి, ఆయన దానికి అడ్డు చెప్పకూడదు. ఆయన సంపాదనలోంచి జాతర చందా ఆయన ఇచ్చుకుంటారు, మీరు దానికి అడ్డు చెప్పకండి. దానిమీద మీ చేయి పెట్టాలా వద్దా అన్నది మీ మనస్సాక్షి సంగతి, అందులో నేను తలదూర్చను. రెండు వేల కోసం ఇంట్లో జరిగిన గొడవ మాత్రం రెండు వేల కన్నా ఎక్కువే తినేసి ఉంటుంది. 1,900 పోను నెలకు 1,350 మిగులుతుంది. చేబదులు అవసరం ఉండదు.

దేవునిది దొంగిలించడమని సంఘంలో మీకు చెప్పేది మలాకీ మూడో అధ్యాయం. అదీ లేఖనమే, కాదనను. దానితోపాటు మార్కు సువార్త ఏడో అధ్యాయం తీయండి. తల్లిదండ్రులకు చెందాల్సినదాన్ని ‘కొర్బాను’, అంటే దేవునికి అర్పించేశాను అని చెప్పి, వాళ్లకు ఏమీ చేయకుండా తప్పుకునేవాళ్లను యేసు గట్టిగా తప్పుపట్టాడు. మీరు తప్పుకోలేదు, నాకు తెలుసు. అత్త కోసం లక్షన్నర నెత్తిన పెట్టుకున్నవారు మీరు. కానీ పేజీలో మొదటి వరుస నిండుగా, ఆఖరి వరుస సగంగా ఉంది. ఈ నెల నుంచి మందుల వరుస పైకి రావాలి. జన ఔషధి దుకాణంలో అవే మందులు తక్కువకు దొరుకుతాయేమో డాక్టర్ చీటీ తీసుకెళ్లి అడగండి. 70 దాటినవారికి ఆదాయంతో పని లేకుండా ఏడాదికి 5 లక్షల వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ కార్డు 2024 అక్టోబరులో వచ్చింది, ఆమెకు చేయించండి. ఎన్టీఆర్ భరోసా వృద్ధాప్య పెన్షన్ 4,000 ఆమెకు వస్తోందో లేదో మీరు రాయలేదు. రాకపోతే రేపే సచివాలయానికి వెళ్లండి.

మందిరం మొక్కు గురించి. లేవీయకాండం 27వ అధ్యాయం మా వృత్తివాళ్లకు భలే నచ్చుతుంది, అదంతా రేట్ల పట్టిక! ఇరవై నుంచి అరవై ఏళ్ల మగవాణ్ణి దేవునికి మొక్కుకుంటే 50 తులాల వెండి, ఆడమనిషికి 30. ఎనిమిదో వచనంలో, ఆ వెల ఇచ్చుకోలేని బీదవాడిని యాజకుడి ముందు నిలబెడితే, ఆ యాజకుడు అతని శక్తికి తగ్గట్టు వెల కట్టాలని ఉంది. మొక్కినవాడి మాట పోకుండా, అప్పుల పాలు కాకుండా ఏర్పాటు చేసి పెట్టారు. కాబట్టి మీ చర్చి పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లండి. ఆదివారం ఆరాధన అయ్యాక జనంలో వద్దు, మామూలు రోజు సాయంత్రం వెళ్లండి, వీలైతే మీ ఆయన్ని వెంటబెట్టుకుని. ఈ నోట్‌బుక్ పేజీ చూపించండి. 38,000 మాఫీ చేయమని అడగక్కర్లేదు, నగలు ఇంటికి వచ్చాక మొదలుపెడతానని చెప్పండి. వడ్డీకి తెచ్చి మాత్రం ఇవ్వకండి. మీ అయ్యగారు మనసున్న మనిషైతే ఆ పేజీ ఆఖరి వరుస దగ్గర ఆగిపోతారు.

మీ అన్నకు జామీను వద్దు. అప్పు తీసుకున్నవాడికి ఎంత బాధ్యతో జామీనుదారుకూ అంతే అని కాంట్రాక్టు చట్టం 128వ సెక్షన్ చెబుతుంది. ఆయన కంతు తప్పితే మీ సిబిల్ స్కోరు కూడా దెబ్బతింటుంది. బ్యాంకుకు వెళ్లబోయే సమయంలో ఈ తలనొప్పి అవసరమా? ‘నా పేరుమీద ఇప్పటికే అప్పు ఉందన్నా, బ్యాంకువాళ్లు ఒప్పుకోరు’ అని చెప్పి తప్పుకోవాలనిపిస్తుంది. అబద్ధం ఎందుకు, ‘నా వల్ల కాదన్నా’ అనండి చాలు. పూచీ పడొద్దని సామెతల గ్రంథంలో ఒకచోట కాదు, నాలుగైదు చోట్ల ఉంది.

ఇంకొకటి, చిన్నదే. ఆటో నడిపే మనిషికి బీమా లేకపోవడం నాకు భయం. బ్యాంకు ఖాతా నుంచి ఏడాదికి 20 రూపాయలకు ప్రమాద బీమా, 50 ఏళ్లు దాటకపోతే 436కు జీవిత బీమా, ఒక్కొక్కటీ రెండు లక్షలకు. ఇద్దరూ చేరండి. గ్రూపు లోను తీరగానే ఇంకోటి ఇస్తామని ఇంటికొస్తారు, వద్దని పంపించండి.

చీటీ పాడేముందు కంపెనీవాళ్లు ఎలాంటి జామీను అడుగుతారో కనుక్కోండి. మీరు ఇంకా కట్టాల్సింది 30,000 లోపే కాబట్టి ఒక్కరితో సరిపెడతారేమో గట్టిగా అడగండి. ముందు బ్యాంకు డబ్బు సిద్ధం చేసుకుని, ఆ తర్వాతే చీటీ డబ్బు ఎత్తండి. రెండూ ఒకే రోజు చేతిలో ఉండాలి, లేకపోతే మధ్యలో ఏదో ఒక ఖర్చు వచ్చి పడుతుంది. వ్యాపారి దగ్గరికి ఇద్దరూ కలిసే వెళ్లండి. అసలు మొత్తం ముట్టినట్టు ప్రోనోటు మీద చెల్లు రాయించుకోండి. అప్పు తెచ్చేటప్పుడు సంతకం పెట్టి ఇచ్చిన ఖాళీ చెక్కులు ఎన్నో గుర్తు తెచ్చుకోండి. అవన్నీ మీ చేతికి వచ్చాకే డబ్బు కట్టలు బల్లమీద పెట్టండి.