డబ్బా పాలు, తొలి ముద్ద: పెద్దమ్మ ఉత్తరం

విజయవాడ

చి.సౌ. లావణ్యకి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన మూడు పాలపొడి డబ్బాల ఫోటోలూ చూశాను. "ఖరీదైనదే తీసుకోనా పెద్దమ్మా?" అన్నావు. అక్కర్లేదు. ఇక్కడ అమ్మే ప్రతి డబ్బా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ) పెట్టిన ప్రమాణానికి లోబడి ఉండాల్సిందే. ఎక్కువ డబ్బు పోసినంత మాత్రాన చంటిదానికి ఎక్కువ బలం రాదు. ఆరు నెలల లోపు పిల్లకి కాబట్టి "1" అంకె ఉన్న డబ్బా తీసుకో, గడువు తేదీ చూడు, సొట్టలు పడినది వద్దు. సోయా డబ్బా, లాక్టోజ్ (పాలలో ఉండే చక్కెర) లేని డబ్బా డాక్టర్ రాస్తేనే. పక్కింటావిడ పిల్లాడికి పడిందని కొనకు.

డబ్బా మీద పసిపిల్ల బొమ్మ లేదు, గమనించావా? 1992లో వచ్చిన చట్టం ఒప్పుకోదు. ఈ పాలపొడికి ప్రకటనలు, ఉచిత శాంపిళ్లు, డిస్కౌంట్లు కూడా కుదరవు. మెడికల్ షాపులో ఎవరైనా "ఆఫర్ ఉందమ్మా" అంటే ఆ మాట పట్టించుకోకు.

ఆఫీసులో చేరుతున్నానని నీ పాలు మాత్రం మాన్పించకు. వెళ్లేముందు, వచ్చాక, రాత్రిపూట నీ పాలే ఇవ్వు. పిండిన పాలు మన ఊళ్ల వేడికి బయట ఉంచితే పాడవుతాయి. వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాటికల్లా వాడేయండి. చాలనప్పుడే డబ్బా.

ఇక కలపడం. నన్నడిగితే ఏ డబ్బా అన్నదానికన్నా ఇదే ముఖ్యం. పాలపొడిలో సూక్ష్మక్రిములు ఉండే అవకాశం ఉంది, అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 70 డిగ్రీలకు తగ్గని నీళ్లలో కలపమంటుంది. కొన్ని డబ్బాల మీద గోరువెచ్చని నీళ్లని ఉంటుంది, నేనైతే వేడి నీళ్లే అంటాను. మరిగించి దించాక ఎక్కువసేపు ఆగకుండా, ఇంకా పొగలు కక్కుతుండగానే కొలిచి పోసి, ఆ తర్వాత పొడి వెయ్యి. డబ్బాలో వచ్చే చెంచాతోనే కొలువు, దాన్ని కూరి నింపకు. పొడి తీశాక శుభ్రమైన చాకు వీపుతో పైన గీసి సమం చెయ్యి. చాలా డబ్బాలకి 30 మిల్లీలీటర్లకి ఒక చెంచా లెక్క, నీ డబ్బా మీద ఏముంటే అదే పాటించు. కలిపిన గిన్నెని చన్నీళ్లలో పెట్టి చల్లార్చి, మణికట్టు లోపలివైపు ఒక బొట్టు వేసి చూసుకుని పట్టు. రెండు గంటలు దాటితే పారబొయ్యి. చంటిది తాగి వదిలేసినవి మళ్లీ పట్టొద్దు.

సీసా మానేసి ఉగ్గు గిన్నెతో పట్టగలిగితే ఇంకా మంచిది. సీసా పీకలో, పాలపీకలో మిగిలిన పాలు ఎంత తోమినా పోవు. గిన్నె అయితే తోమి, నీళ్లలో మరిగిస్తే సరి. మొదట్లో సగం గౌను మీదే పోతాయి, కంగారు పడకు.

మీ అత్తగారు "చిక్కగా ఉంటే అరగదు, ఒక చెంచా తగ్గించు" అంటారేమో. ఆవిడకి ఎదురు చెప్పకు, చెంచా మాత్రం తగ్గించకు. పిల్లల వార్డులో డ్యూటీ చేసిన రోజుల్లో ఇది ఎన్నిసార్లు చూశానో. పలచన పాలు చంటిది కడుపు నిండా తాగుతుంది, ఏడవదు, బరువు మాత్రం పెరగదు. డబ్బా నెలాఖరు దాకా రావాలని పలచన చేసేవాళ్లు కొందరు, అరగదని చేసేవాళ్లు కొందరు. అలాగని ఒక చెంచా ఎక్కువ వేసినా తప్పే, మలబద్ధకం, దాహం వస్తాయి. ప్యాకెట్ పాలకి నీళ్లు కలిపి పట్టడం కూడా ఏడాది దాకా వద్దు, వాటిలో ఐరన్ చాలా తక్కువ. ఎంత ఎండలున్నా ఆరు నెలల లోపు విడిగా మంచినీళ్లు పట్టొద్దు.

అన్నప్రాశన ఆడపిల్లకి బేసి నెలలో చెయ్యాలని ఐదో నెలలోనే ముహూర్తం చూస్తున్నారట కదా. ఏడో నెల కూడా బేసి నెలే! అప్పటికి ఆరు నెలలు నిండుతాయి, ఇటు శాస్త్రం, అటు డాక్టరు ఇద్దరూ ఒప్పుకుంటారు. దుర్గమ్మ కొండ మీదే చేయించుకోండి. పరమాన్నం నాలుక్కి తగిలిస్తే చాలు. తేనె మాత్రం ఏడాది నిండేదాకా నాలుక మీద కూడా రాయొద్దు. దానివల్ల బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

తర్వాత ఉగ్గు. మూడు వంతుల బియ్యం, ఒక వంతు పెసరపప్పు విడివిడిగా దోరగా వేయించి, మెత్తటి రవ్వలా పట్టించు. నీళ్లలో బాగా ఉడికించి కాస్త నెయ్యి వెయ్యి. చెంచా వంచితే జారిపోకుండా నిలవాలి. పప్పు కట్టు, చారు నీళ్లతో కడుపు నిండుతుంది గానీ ఒళ్లు రాదు. రెండు మూడు చెంచాలతో మొదలుపెట్టు, ఎనిమిదో నెలకల్లా పూటకి అర కప్పు దాకా రావాలి. మొలకెత్తించి ఎండబెట్టి, జల్లించిన రాగిపిండి జావా మంచిదే. కొత్త పదార్థం పెడితే మూడు రోజులు అదొక్కటే కొత్తది.

కోడిగుడ్డు ఏడాది దాకా పెట్టకూడదన్నది పాతమాట. ఆరు నెలలు దాటాక బాగా ఉడికించి పచ్చసొన, తర్వాత తెల్లసొన పెట్టొచ్చు. ఐరన్ కోసం తోటకూర, మీరు తింటారు కాబట్టి కోడి లివరూ మెత్తగా మెదిపి పెట్టు. వేరుశనగ పప్పు గింజలుగా వద్దు, గొంతుకి అడ్డం పడుతుంది. మెత్తటి పొడి చేసి జావలో కలిపితే సరిపోతుంది. ఉప్పు, పంచదార ఏడాది దాకా వెయ్యకు. కొనే సిరియల్ ప్యాకెట్లలో పంచదార కలుపుతున్నారని 2024లో పెద్ద రచ్చే అయింది, ప్యాకెట్ వెనక చదువు. గుంటూరు వంటింట్లో కారం తగలని గరిటె ఉండదు కనుక చంటిదానికి గిన్నె, గరిటె విడిగా పెట్టు.

డైపర్లు తడవడం తగ్గినా, వాంతులు ఆగకపోయినా, ఒంటి మీద దద్దుర్లు వచ్చినా నాకు ఫోన్ చెయ్యకు, ముందు డాక్టర్ దగ్గరికి పరిగెత్తు. టీకాలకి వెళ్లినప్పుడల్లా బరువు తూయించి కార్డులో రాయించు. ఆ కార్డు ఫోటో నాకు పంపు.

మీ పెద్దమ్మ