అందరూ సరేనన్నారు... నాన్నగారి పాత ఇల్లు బాగుచేయించుకుని చేరిపోవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారు 1968లో ఊళ్లో స్థలం కొని కట్టించిన పెంకుటిల్లు ఉంది. ఆయన వీలునామా రాయకుండానే 2011లో పోయారు. మేం ముగ్గురు అన్నదమ్ములం, ఒక చెల్లెలు. నేనే పెద్దవాణ్ని. ఆఖరి తమ్ముడు 2019లో చనిపోయాడు. అతనికి భార్య, ఇప్పుడు పద్నాలుగేళ్ల కొడుకు ఉన్నారు. అమ్మ మా పెద్ద తమ్ముడి దగ్గర ఉంటోంది. నేను ఈమధ్యే రిటైరయ్యాను. వచ్చిన డబ్బుతో ఆ ఇల్లు బాగుచేయించి, నేనూ నా భార్యా అక్కడే ఉండిపోవాలని ఆశ. తమ్ముడు, చెల్లెలు, మరదలు ‘ఇల్లు ఆయనే తీసుకోవచ్చు, మాకు అభ్యంతరం లేదు’ అని తెల్లకాగితం మీద సంతకాలు చేసి ఇచ్చారు. ఇంటిపన్ను, కరెంటు మీటరు 2012 నుంచి నా పేరు మీదే ఉన్నాయి. పెంకులు తీసేసి స్లాబు వేయించాలనుకుంటున్నాను. తూర్పు గోడ పక్కింటివాళ్లతో ఉమ్మడి. మేస్త్రీతో మాట్లాడేశాను. పని మొదలుపెట్టవచ్చా?

జవాబు: మేస్త్రీని కొన్నాళ్లు ఆగమనండి. పైకప్పు కారుతున్నా, ఎక్కడైనా గోడ కూలేలా ఉన్నా ఆ మేరకు రిపేరు ఇవాళే చేయించుకోండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఉమ్మడి ఆస్తి పాడైపోకుండా కాపాడుకునే పని వాటాదారుల్లో ఎవరైనా చేయవచ్చు. కానీ స్లాబు, కొత్త గదులు, మీ రిటైర్మెంట్ డబ్బంతా పెట్టే పెద్ద పని మాత్రం కాగితాలు సరిచేసుకున్నాకే మొదలుపెట్టండి. మీ వాళ్లు రేపు మాట తప్పుతారని కాదు. మీరు రాసిన లెక్కలో అసలు సంతకమే పెట్టని వాటాదారులు ఇద్దరున్నారు. ఒకరు మీ అమ్మగారు, ఇంకొకరు మీ తమ్ముడి కొడుకు.

ముందు ఈ ఇల్లు ఎవరిదో చూద్దాం. మీరు హిందూ కుటుంబం అనుకుని చెబుతున్నాను. ముస్లిం, క్రైస్తవ కుటుంబాలకు వాటాల లెక్క వేరుగా ఉంటుంది. మీ నాన్నగారు సొంతంగా కొని కట్టించినది కాబట్టి ఇది ఆయన స్వార్జితం. వీలునామా లేదు కాబట్టి 1956 హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం ఆయన భార్యకు, పిల్లలందరికీ సమానంగా వస్తుంది. 2011లో ఆయన పోయిన రోజునే ఇల్లు ఐదు సమాన వాటాలైంది: అమ్మగారు, మీరు ముగ్గురు అన్నదమ్ములు, చెల్లెలు. పెళ్లిలో కట్నం ఇచ్చాం కదా, ఆడపిల్లకు మళ్లీ వాటా ఏమిటని అడిగేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. స్వార్జితంలో కూతురికి 1956 నుంచీ కొడుకుతో సమానంగా హక్కు ఉంది. పెళ్లి అయిందా కాలేదా అన్న ప్రశ్నే లేదు.

ఇప్పుడు చాలామంది పొరబడే చోటుకు వద్దాం. 2019లో మీ ఆఖరి తమ్ముడు చనిపోయినప్పుడు అతని ఐదో వంతు భార్యకూ కొడుక్కూ మాత్రమే వెళ్లలేదు. కొడుకు చనిపోతే తల్లి కూడా మొదటి తరగతి వారసురాలే, అంటే అందరికంటే ముందు వాటా పొందే వరసలో భార్యాపిల్లలతో పాటు ఆవిడా ఉంటుంది. కాబట్టి ఆ వాటా మూడు భాగాలై భార్యకు ఒకటి, కొడుక్కి ఒకటి, మీ అమ్మగారికి ఒకటి వెళ్లింది. ఇంటిని మొత్తం పదిహేను భాగాలు అనుకుంటే అమ్మగారికి 4, మీకు 3, పెద్ద తమ్ముడికి 3, చెల్లెలికి 3, మరదలికి 1, అబ్బాయికి 1. చూశారా, ఈ ఇంట్లో అందరికంటే పెద్ద వాటా మీ అమ్మగారిదే. ఆవిడ సంతకమే మీ కాగితంలో లేదు.

ఇక ఆ తెల్లకాగితం సంగతి. స్థిరాస్తిలో హక్కు వదులుకుంటున్నానని రాసే ఏ పత్రమైనా, ఆ హక్కు విలువ వంద రూపాయలు, ఆపైన ఉంటే, 1908 రిజిస్ట్రేషన్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం రిజిస్టర్ చేసి తీరాలి. చేయకపోతే 49వ సెక్షన్ ప్రకారం హక్కు మారిందని చెప్పడానికి అది సాక్ష్యంగా పనికిరాదు. కుటుంబంలో ముందే నోటిమాటగా జరిగిపోయిన ఏర్పాటును తర్వాత గుర్తుకోసం రాసుకుంటే దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని 1976లో సుప్రీంకోర్టు కాలే కేసులో చెప్పింది. దీన్ని పట్టుకుని ‘ఫ్యామిలీ సెటిల్‌మెంట్ కదా, చాలు’ అని ధైర్యం చెప్పేవాళ్లు ఉంటారు. ఆ ధైర్యం మీద స్లాబు వేయకండి. మీ కాగితంలో అమ్మగారు లేరు, పిల్లవాడి హక్కు గురించి ఒక్క మాట లేదు. అలాగని చింపేయకండి. మీరు చేయించే రిపేర్లు వాళ్లకు తెలిసి, ఇష్టపడే జరిగాయని చూపడానికి ఎప్పుడైనా ఉపయోగపడవచ్చు.

ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు హక్కు పత్రాలు కావు. పంచాయతీ రికార్డులో పేరు మారడం పన్ను ఎవరు కట్టాలో చెబుతుంది, ఇల్లు ఎవరిదో చెప్పదు. ‘పన్నెండేళ్లు దాటింది, నేనే కడుతున్నాను, ఇక నాదే’ అన్న మాట కూడా ఇక్కడ చెల్లదు. ఉమ్మడి ఆస్తిలో ఒకరు ఉంటే అందరి తరఫున ఉన్నట్టే చట్టం చూస్తుంది. మిగతావాళ్ల హక్కును బాహాటంగా కాదని, వాళ్లకు తెలిసేలా బయటకు నెట్టి పన్నెండేళ్లు గడిస్తే తప్ప ఆ వాదన నిలబడదు. మీ ఇంట్లో అలాంటిది జరగలేదు, జరగకూడదు కూడా.

ఏమీ చేయకుండా ఇల్లు కట్టేసుకుంటే ఏమవుతుంది? ఇలాంటి కేసులు నేను చాలా చూశాను. అన్నదమ్ముల మధ్య గొడవ రాదు. వాళ్ల తర్వాతి తరంలో వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరు పార్టిషన్ సూట్, అంటే ఆస్తి పంచమని కోర్టులో దావా, వేస్తారు. మీరు పెట్టిన ఖర్చు పూర్తిగా గాలికి పోదు. పంచేటప్పుడు, వీలైతే, బాగుచేసిన భాగాన్ని బాగుచేయించిన వాళ్లకే వచ్చేలా చూడటం కోర్టులు పాటించే పద్ధతి. కానీ ఒకే కప్పు కింద ఉన్న చిన్న ఇంటిని పదిహేను భాగాల లెక్కన ఎలా విడదీస్తారు? వీలుకాకపోతే అమ్మి డబ్బు పంచమంటారు. మీరు ప్రేమగా బాగుచేయించుకున్న ఇంట్లోంచి డెబ్బై ఏళ్ల వయసులో మీరే బయటకు రావలసి వస్తుంది. అలాంటి టెన్షన్ మీకు రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

చేయవలసింది ఇది. పెద్ద తమ్ముడు, చెల్లెలు, మరదలు తమ తమ వాటాలు మీకు వదులుతూ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో విడుదల దస్తావేజు రాసివ్వాలి. మీరు వాళ్లకు ఏమైనా డబ్బు ఇస్తుంటే ఆ మొత్తం దస్తావేజులోనే రాయించండి, బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఊరికే వదులుకుంటున్నా ఆ మాట కూడా స్పష్టంగా రాయాలి. విడుదల, గిఫ్ట్ సెటిల్‌మెంట్, భాగ పంపకం, వీటికి స్టాంపు డ్యూటీ ఒకేలా ఉండదు. మీకు ఏది తక్కువ పడుతుందో ముందే లెక్క వేయించుకోండి.

అమ్మగారి విషయం ఆలస్యం చేయకండి. ఆవిడకు మనస్ఫూర్తిగా ఇష్టమైతే తన వాటాను మీకు గిఫ్ట్‌గా రిజిస్టర్ చేసివ్వవచ్చు. దానికి ఇద్దరు సాక్షులు ఉండాలి. ఆవిడ బతికున్నంత కాలం ఆ ఇంట్లో ఉండే హక్కు, ఆవిడ బాగోగులు మీరు చూసుకోవలసిన బాధ్యత అందులోనే రాయించండి. ఇలా చూసుకుంటానన్న షరతు మీద తీసుకుని తర్వాత వదిలేస్తే, ఆ గిఫ్ట్‌ను రద్దు చేయించుకునే హక్కు 2007 తల్లిదండ్రుల, వృద్ధుల సంరక్షణ చట్టం 23వ సెక్షన్ ఆవిడకు ఇస్తోంది. ఇది మీకు అడ్డం కాదు, ఆవిడకు భరోసా. ఇప్పుడేమీ రాయకుండా ఆవిడ కాలం చేస్తే ఆ నాలుగు భాగాలు మళ్లీ పిల్లలందరి మధ్య నాలుగుగా విడిపోతాయి. చనిపోయిన తమ్ముడి వంతు అతని కొడుక్కి వెళ్తుంది. అంటే పిల్లవాడి వాటా ఒకటి నుంచి రెండు అవుతుంది, లెక్క ఇంకా చిక్కుపడుతుంది.

ఆ పిల్లవాడి గురించే నా అసలు ఆందోళన. అతని తరఫున తల్లి సంతకం చేస్తే సరిపోతుందని అందరూ అనుకుంటారు. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 8వ సెక్షన్ ప్రకారం, మైనర్ పేరున ఉన్న స్థిరాస్తిని కోర్టు అనుమతి లేకుండా కన్నతల్లి కూడా ఇతరులకు రాసివ్వలేదు. రాసిచ్చినా, అతను మేజరయ్యాక దాన్ని కాదనవచ్చు. పద్దెనిమిది నిండాక మూడేళ్లలోపు, అంటే ఇరవై ఒకటి వచ్చేవరకు దావా వేసే హక్కు అతనికి ఉంటుంది.

మీ మరదలు జిల్లా కోర్టులో అనుమతి కోసం దరఖాస్తు చేయాలి. పిల్లవాడికి అవసరం ఉందనో, స్పష్టమైన లాభం ఉందనో నమ్మకం కలిగితేనే కోర్టు ఒప్పుకుంటుంది. ఊరికే వదిలేయిస్తామంటే ఒప్పుకోదు, ఒప్పుకోకూడదు కూడా. తండ్రి లేని పిల్లవాడికి తాతగారి ఇంట్లో ఉన్న ఆ ఒక్క భాగానికి ఇప్పటి మార్కెట్ ధర కట్టి, అతని పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయడానికి మీరు సిద్ధపడండి. అప్పుడు కోర్టుకు అభ్యంతరం ఉండే అవకాశం తక్కువ. కోర్టు చుట్టూ తిరగడం ఇష్టం లేకపోతే ఇంకో దారి ఉంది. మిగతా పద్నాలుగు భాగాలు ఇప్పుడే మీ పేరున చేయించుకుని, అతని ఒక్క భాగాన్ని అలాగే గౌరవించి ఉంచండి. నాలుగేళ్లలో అతనే మేజరై, తన ఇష్టంతో, తన సంతకంతో తేలుస్తాడు. అప్పటి ధర ఇవ్వవలసి వస్తుందన్నది ఒక్కటే తేడా. మీ స్థానంలో నేనుంటే మొదటి దారే పడతాను. పిల్లవాడి చదువుకు ఆ డబ్బు ఇప్పటినుంచే పెరుగుతుంది.

ఈ పనులకు ముందు రెండు కాగితాలు తెప్పించుకోండి. ఒకటి 1968 కొనుగోలు దస్తావేజు సర్టిఫైడ్ కాపీ. కంప్యూటర్‌లో ఈసీ (ఆస్తి మీద రిజిస్టరైన లావాదేవీల ధ్రువపత్రం) 1983 నుంచే వస్తుంది, అంతకు ముందువి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు పాత రికార్డుల్లో వెతికించాలి. రెండోది తహసీల్దార్ ఆఫీసు నుంచి నాన్నగారి, తమ్ముడి కుటుంబ సభ్యుల ధ్రువపత్రాలు. పాత దస్తావేజులో ఉన్న హద్దులు, కొలతలు ఇప్పటి స్థలంతో సరిపోతున్నాయో లేదో కొలిపించి చూసుకోండి.

తూర్పు గోడ జోలికి పక్కింటివాళ్లతో మాట్లాడకుండా వెళ్లవద్దు. ఉమ్మడి గోడను ఒకరే పడగొట్టడానికి, దానిమీద కొత్త స్లాబు బరువు మోపడానికి కుదరదు. మీ వైపు విడిగా పిల్లర్లు వేసుకుంటే ఆ తగాదాయే ఉండదు. వాళ్ల కిటికీకి వెలుతురు, చూరు నీళ్లు పోయే దారి ఇరవై ఏళ్లకు పైగా అడ్డులేకుండా ఉంటే 1882 ఈజ్‌మెంట్ల చట్టం కింద వాళ్లకు హక్కు ఏర్పడి ఉండవచ్చు. పెంకులు తీసి స్లాబు వేయడం చిన్న రిపేరు కిందకు రాదు కాబట్టి ప్లాన్ పెట్టి పంచాయతీ అనుమతి తీసుకోండి. మేస్త్రీతో పని వివరం, ఏ దశలో ఎంత ఇవ్వాలి, ఎప్పటికి పూర్తికావాలి అన్నవి ఒక పేజీలో రాసుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. ఇప్పుడు చేయించే రిపేర్లకు ముందూ తర్వాతా ఫొటోలు తీయించి, బిల్లులు దాచుకోండి.

ఒక మాట మిగతా పాఠకుల కోసం. మీ ఇల్లు నాన్నగారు కట్టించింది కాక తాతగారిది అయితే ఈ లెక్క ఇలా ఉండదు. తాతగారు ఎప్పుడు పోయారో చూడాలి, ముఖ్యంగా మేనత్తలు ఉన్నారేమో చూడాలి. 1956 తర్వాత వీలునామా లేకుండా పోయిన తాతగారి స్వార్జితంలో మేనత్తలకూ, వాళ్లు లేకపోతే వాళ్ల పిల్లలకూ వాటా ఉంటుంది. పిత్రార్జితమైతే కూతుళ్లకు పుట్టుకతోనే హక్కు ఉందనీ, ఆ చట్ట సవరణ అమల్లోకి వచ్చిన 2005 సెప్టెంబరు 9 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదనీ 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

మీరు మాత్రం ఈ వారమే అమ్మగారి దగ్గరకు వెళ్లి కూర్చోండి. మరదలినీ పిల్లవాడినీ కూడా పిలవండి. ఎవరి వాటా ఎంతో ఈ లెక్క చూపించి, పిల్లవాడికి ఎంత ఇవ్వదలచుకున్నారో మీ నోటితో మీరే చెప్పండి. ఆ తర్వాత పాత దస్తావేజు కాపీతో, ధ్రువపత్రాలతో మీ దగ్గరలోని లాయరును కలిస్తే విడుదల దస్తావేజు, కోర్టు దరఖాస్తు రెండూ ఒకేసారి మొదలుపెట్టవచ్చు.