పిప్‌తో వేసిన ప్యాకేజీ పైథాన్‌కు ఎందుకు కనిపించదు?

ప్యాకేజీ వేశాక కూడా ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’ ఎర్రర్ వస్తోందంటే, సాధారణంగా మీ పిప్ (పైథాన్ ప్యాకేజీలను వేసే టూల్) ఒక పైథాన్‌ది, ప్రోగ్రామ్‌ను నడిపేది ఇంకో పైథాన్. మీరు టైప్ చేసిన కమాండ్‌ను నడిపే షెల్, ‘పాత్’ అనే వేరియబుల్‌లో (ప్రోగ్రామ్‌ల కోసం వెతకాల్సిన ఫోల్డర్ల జాబితాలో) ఉన్న ఫోల్డర్లను ఎడమ నుంచి కుడికి వెతికి, ఆ పేరుతో మొదట దొరికినదాన్నే నడుపుతుంది. వర్చువల్ ఎన్విరాన్‌మెంట్‌ను (ఒక ప్రాజెక్టు కోసం విడిగా పైథాన్, ప్యాకేజీలు ఉంచుకునే ఫోల్డర్‌ను) యాక్టివేట్ చేయడమంటే ముఖ్యంగా దాని బిన్ ఫోల్డర్‌ను, విండోస్‌లో అయితే స్క్రిప్ట్స్ ఫోల్డర్‌ను, ఆ వరుసలో ముందు చేర్చడమే.

ముందు ప్రోగ్రామ్‌లోనే సిస్ డాట్ ఎగ్జిక్యూటబుల్‌ను ప్రింట్ చేసి ఏ పైథాన్ నడుస్తోందో చూడండి. తర్వాత ఒట్టి పిప్ కాకుండా ‘పైథాన్ డ్యాష్ ఎం పిప్ ఇన్‌స్టాల్’ వాడండి; అందులో ‘పైథాన్’ బదులు అక్కడ ప్రింట్ అయిన పూర్తి పాత్ ఇస్తే ప్యాకేజీ ఆ పైథాన్‌కే చేరుతుంది.

ఎన్విరాన్‌మెంట్ ఫోల్డర్‌ను మాత్రం వేరేచోటికి జరపకండి. బిన్‌లోని పిప్ స్క్రిప్ట్ మొదటి లైన్లో పాత చోటి పూర్తి పాత్ రాసి ఉంటుంది. జరిపితే ఆ పాత్‌లో పైథాన్ దొరకక, పిప్ నడిపినప్పుడు ‘బ్యాడ్ ఇంటర్‌ప్రెటర్’ అనే ఎర్రర్ వస్తుంది. తీసేసి కొత్తది చేసుకోండి.