చదువు – కొలువు: ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు సహాయ సమన్వయకర్త

ప్రశ్న: మాది కర్నూలు జిల్లా. పెళ్లయ్యాక బెంగళూరులోని మారతహళ్లిలో స్థిరపడి, ఇక్కడి ఒక సీబీఎస్‌ఈ పాఠశాలలో తొమ్మిదేళ్లుగా ఇంగ్లీషు బోధిస్తున్నాను. వచ్చే విద్యా సంవత్సరం నుంచి ప్రత్యేక అవసరాలున్న విద్యార్థులకు సహాయ సమన్వయకర్తగా బాధ్యత తీసుకోమని మా ప్రిన్సిపాల్ అడిగారు. నాకు మామూలు బీఎడ్ మాత్రమే ఉంది. ఒప్పుకోవచ్చా? ఈ దారిలో ఎదుగుదల ఉంటుందా?
– ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ఒప్పుకోవచ్చునమ్మా. అయితే మీ పాఠశాలలో స్పెషల్ ఎడ్యుకేటర్, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు బోధించే శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు, విడిగా ఉన్నారా, లేక ఆ ఖాళీని మీతో నింపాలని చూస్తున్నారా అన్నది ముందుగా తేల్చుకోండి. సీబీఎస్‌ఈ అనుబంధ పాఠశాలలు స్పెషల్ ఎడ్యుకేటర్‌ను నియమించుకోవాలని బోర్డు నిబంధన. ఆ పని చేసేవారికి భారత పునరావాస మండలి, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన అర్హతతో పాటు ఆ మండలి రిజిస్టరులో నమోదు కూడా ఉండాలి. నమోదు లేకుండా ఈ వృత్తి చేయడం 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం శిక్షార్హం. అందువల్ల మామూలు బీఎడ్‌తో మీరు సమన్వయం చేయవచ్చు గాని, ప్రత్యేక బోధన మీ పేరున చూపడానికి ఒప్పుకోకూడదు.

రెండో విషయం, మీ అధికారం ఎంతవరకు అన్నది. ఇంగ్లండులో ప్రతి సాధారణ పాఠశాలలోనూ సెన్‌కో అనే సమన్వయకర్త ఉండి తీరాలని, ఆ వ్యక్తి అర్హత పొందిన ఉపాధ్యాయుడై ఉండాలని చట్టమే చెబుతుంది. 2024 సెప్టెంబరు నుంచి కొత్తగా ఆ పదవిలోకి వచ్చేవారు మూడేళ్లలోగా అందుకు ప్రత్యేకించిన వృత్తి అర్హతను కూడా పూర్తి చేయాలి. మన దేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం పిల్లలందరినీ కలుపుకొని బోధించే బాధ్యతను పాఠశాల మీద పెట్టింది గాని, ఈ పదవిని పేరు పెట్టి సృష్టించలేదు. కనుక ఇక్కడ సమన్వయకర్తకు ఎంత బలం ఉంటుందన్నది ప్రిన్సిపాల్ మాట మీదే ఆధారపడుతుంది. వారానికి ఎన్ని పీరియడ్లు మీకు బోధన నుంచి మినహాయిస్తారు, ఇతర ఉపాధ్యాయుల తరగతుల్లో కూర్చొని గమనించే వీలు ఇస్తారా, ప్రశ్నపత్రాల తయారీలో మీ మాట చెల్లుతుందా అన్నవి రాతపూర్వకంగా తీసుకోండి. ఇవేవీ లేని పదవిని, గౌరవంగా ఎంత పెద్ద పేరు పెట్టి ఇచ్చినా, నేనైతే వద్దనే చెబుతాను.

ఇక పని స్వభావం. పిల్లవాణ్ణి రిసోర్స్ రూముకు, అంటే ఇలాంటి పిల్లలకు విడిగా నేర్పే గదికి, పంపించడంతో సహాయం అయిపోయిందని చాలా పాఠశాలలు అనుకుంటాయి. అతడు వారంలో రెండు మూడు పీరియడ్లు అక్కడుంటాడు, మిగిలినవన్నీ తన తరగతిలోనే గడుస్తాయి. ఆ తరగతిలో ఏమీ మారకపోతే రిసోర్స్ రూములో జరిగిన మేలు నిలవదు. బోర్డు మీది పాఠం దించుకోలేని పిల్లవానికి అచ్చు వేసిన నోట్సు ఇవ్వమని సైన్సు టీచరును ఒప్పించడం, రాయడం కష్టమైన అమ్మాయి చేత జవాబు నోటితో చెప్పించుకోమని సోషల్ టీచరుకు నచ్చజెప్పడం, తరగతి శబ్దానికి తట్టుకోలేని ఆటిజం ఉన్న బాబు ఏ మూల కూర్చుంటే నెమ్మదిగా ఉంటాడో కనిపెట్టడం, వీటన్నిటినీ ఆ పిల్లవానికంటూ విడిగా తయారుచేసే వ్యక్తిగత విద్యా ప్రణాళికలో రాయించి ఆ ప్రణాళిక అమలవుతోందో లేదో ప్రతి నెలా చూడడం మీ పనిలో సింహభాగం. పిల్లల కంటే పెద్దలతోనే మీకు ఎక్కువ ఓపిక కావలసి వస్తుంది. తొమ్మిదేళ్లు తరగతి నడిపిన అనుభవం ఇక్కడే అక్కరకు వస్తుంది, ఎందుకంటే నలభై మంది పిల్లలతో ఏది సాధ్యమో తెలిసినవారి మాటనే తోటి ఉపాధ్యాయులు వింటారు.

పరీక్షల విషయం ఆలస్యం చేయకండి. అర్హులైన పిల్లలకు సీబీఎస్‌ఈ గంటకు ఇరవై నిమిషాల చొప్పున అదనపు సమయం, రాసిపెట్టే సహాయకుడు, భాషల విషయంలో సడలింపు వంటి వెసులుబాట్లు ఇస్తుంది. పదో తరగతిలో పరుగులు పెట్టడం కంటే తొమ్మిదిలోనే ధ్రువపత్రాలూ సబ్జెక్టుల ఎంపికా సరిచూసుకోవాలి.

మీరు తెలుగువారు కావడం ఈ ఊళ్లో ఎంత అవసరమో కూడా చెప్పాలి. రాయలసీమ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలకు ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, దానికి తోడు 2015 నాటి రాష్ట్ర చట్టం వల్ల కన్నడం, చాలాచోట్ల హిందీ కూడా ఉంటాయి. అలాంటి పిల్లవాడు ఇంగ్లీషు చదవలేకపోతే అది అభ్యసన వైకల్యమా (తెలివి ఉన్నా చదవడం, రాయడం వంటివి పట్టుబడని స్థితి), భాష అలవాటు కాకపోవడమా అన్నది ఇంగ్లీషులో పెట్టిన పరీక్షతో తేలదు. ముందు చూపు, వినికిడి పరీక్షలు చేయించండి. తర్వాత తల్లితో తెలుగులో మాట్లాడి, మాటలు ఏ వయసులో వచ్చాయో, విన్న కథను తిరిగి వరుసగా చెప్పగలడా, నేర్పినప్పుడు గుణింతాలూ ఒత్తులూ పట్టుబడ్డాయా అని అడగండి. తెలుగులో చక్కగా చదువుతూ ఇంగ్లీషులో మాత్రమే వెనుకబడితే మార్చవలసింది బోధనను. కథ చక్కగా చెబుతూ, తగినంత నేర్పినా ఏ లిపిలోనూ అక్షరాలు కలపలేకపోతే బెంగళూరులోని మానసిక, నాడీ వైద్య సంస్థ నిమ్హాన్స్ వంటి చోట మదింపు చేయించాలి. తెలుగులో మాటే ఆలస్యమైతే స్పీచ్ థెరపిస్టును కలవమనాలి. ఇంత అడగకుండానే పిల్లల మీద ‘బద్ధకం’ అనే ముద్ర పడుతుండడం నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది.

పిల్లవాని మదింపు నివేదిక స్టాఫ్ రూములో చర్చకు రాకుండా కాపాడే బాధ్యత కూడా మీదే. ఆ నమ్మకం లేకపోతే తల్లిదండ్రులు మీకు నిజం చెప్పరు.

ఎదుగుదల తప్పక ఉంటుంది. అంతర్జాతీయ పాఠశాలల్లో అభ్యసన సహాయ విభాగానికి అధిపతులుగా, పాఠశాలల సమూహాలకు సలహాదారులుగా వెళ్లవచ్చు. అయితే ఆ స్థాయికి ఆర్‌సీఐ గుర్తించిన స్పెషల్ ఎడ్యుకేషన్ అర్హత చాలాచోట్ల అడుగుతారు కనుక, పదవిలో కుదురుకున్నాక ఆ చదువుకు ఏర్పాటు చేసుకోండి.

ప్రశ్న: మా అమ్మాయి బీఏ సైకాలజీ పూర్తిచేస్తోంది. స్పెషల్ ఎడ్యుకేషన్‌లో బీఎడ్ చేస్తానంటోంది. ఉద్యోగం దొరుకుతుందా?
– ఒక తండ్రి, కృష్ణరాజపురం, బెంగళూరు

జవాబు: దొరుకుతుందండీ. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆ పై తరగతుల్లో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులు ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. ఆ మేరకు పోస్టులు ప్రకటించాలని 2025 మార్చిలో రాష్ట్రాలను ఆదేశించింది. కర్ణాటక ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉంటే కన్నడం చదవడం, రాయడం ఇప్పుడే నేర్చుకోమనండి.

కోర్సు రెండేళ్లు. సికింద్రాబాదులోని ఎన్‌ఐఈపీఐడీ (మేధో వైకల్యాల జాతీయ సంస్థ), చెన్నై దగ్గర ముట్టుకాడులోని ఎన్‌ఐఈపీఎండీ (బహుళ వైకల్యాల జాతీయ సంస్థ) ఈ కోర్సు నడిపే కేంద్ర ప్రభుత్వ సంస్థలు. ప్రైవేటు కళాశాలైతే, అమ్మాయి చేరే సంవత్సరానికి, ఎంచుకున్న విభాగానికి ఆర్‌సీఐ గుర్తింపు ఉందో లేదో మండలి జాబితాలో మీరే చూసుకోండి, కళాశాలవారి మాట మీద ఫీజు కట్టవద్దు. దరఖాస్తుకు ముందు కొన్ని వారాలైనా ఆమె ఏదైనా రిసోర్స్ రూములో స్వచ్ఛందంగా పనిచేస్తే, అభ్యసన వైకల్యం, ఆటిజం, మేధో వైకల్యం వంటి విభాగాల్లో తనకు ఏది సరిపడుతుందో ఆమెకే తెలిసివస్తుంది.