కర్త లేని వాక్యాలు

బ్రాడీపేట, గుంటూరు

అమ్మాయ్,

నీ వ్యాసం అందింది. వాట్సాప్‌లో పంపింది చాలక ప్రింటు తీసి మీ నాన్న చేత కూడా పంపించావు. మంచి పని చేశావు. ఫోనులో చదివితే నాకు ముందు కళ్లు నొప్పి, తర్వాత కోపం. ఎర్ర పెన్నుతో గీసిన గీతలు చూసి కంగారుపడకు. నా మొదటి రిపోర్టు డెస్కు నుంచి తిరిగొచ్చినప్పుడు నేను రాసింది ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది.

పదకొండు పేజీల్లో గాజా, ఉక్రెయిన్, మయన్మార్, సూడాన్, వీటో, మానవ హక్కులు అన్నీ పెట్టావు. బెజవాడలో ఎక్కి ప్రపంచమంతా తిరిగొచ్చావు గానీ ఏ స్టేషన్లోనూ దిగలేదు. అది పెద్ద తప్పేం కాదు, ఇరవై రెండేళ్లప్పుడు అందరం అలాగే రాస్తాం. నన్ను పట్టుకున్నది వేరే సంగతి. పెన్సిలు తీసుకుని లెక్కపెట్టాను. "జరిగింది", "చోటుచేసుకుంది", "సంభవించింది", "తరలించబడ్డారు", "హతమయ్యారు" లాంటివి నలభై మూడు. వాటిలో ఒక్కదానికీ కర్త లేడు. నాలుగో పేజీలో "ఆసుపత్రి మీద బాంబులు పడ్డాయి" అని రాశావు. వాన పడినట్టు పడ్డాయా అమ్మాయ్? ఎవరో విమానం ఎక్కారు, ఎవరో పొమ్మన్నారు, ఆ బాంబు ఎవరో అమ్మారు.

మన భాషలో కర్త లేకుండా మాట్లాడటం తేలిక. "అన్నం తిన్నావా" అంటే చాలు, నువ్వు అనక్కర్లేదు. ఇంట్లో అది అందం. నువ్వు రాస్తున్న విషయంలో మాత్రం గొయ్యి. జవాబుదారీతనం అనే మాట నీ వ్యాసంలో పదిహేను సార్లు వచ్చింది. జవాబు చెప్పాల్సిన వాడి పేరు వాక్యంలో లేనప్పుడు ఆ మాట ఎన్నిసార్లు రాసి ఏం లాభం?

ఇది నీకు చెప్పడానికి నాకు హక్కు ఎలా వచ్చిందో కూడా చెబుతాను. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితులను వేటాడి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. అప్పుడు నేనొక పత్రికకు పార్ట్‌టైం కంట్రిబ్యూటర్ని, ఊరూరా తిరిగి వార్తలు పంపేవాణ్ని. తెనాలి నుంచి ఫోనులో చెప్పిన వార్తలో నా నోటితో నేనే అన్న మాట: "ఇరువర్గాల ఘర్షణలో ఎనిమిది మంది మృతి." ఎవరూ నా చేత అనిపించలేదు. అప్పట్లో అలాంటి వార్తకు అచ్చు పోసి పెట్టిన వాక్యం అదే, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

నాలుగు రోజుల తర్వాత గుంటూరు కోర్టు బయట టీ తాగుతుంటే ఒక పెద్ద ప్లీడరు గారు పిలిచారు. చేతిలో పేపరు మడత ఉంది. "ఘర్షణ అన్నావు. అవతలి వైపు ఎంతమంది పోయారు?" అన్నారు. ఎవరూ లేరండీ అన్నాను. "మరి ఘర్షణ ఎట్లా అయింది?" అని టీ డబ్బులు ఇచ్చేసి లోపలికి వెళ్లిపోయారు. తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ని.

ఇప్పుడు నీ రెండో పేజీకి వద్దాం. "ఉక్రెయిన్‌లో వేలాది పిల్లలు రష్యాకు తరలించబడ్డారు" అన్నావు. ఈ ఒక్క విషయంలో అంతర్జాతీయ క్రిమినల్ కోర్టు నీకంటే మంచి వాక్యం రాసింది. 2023 మార్చి 17న వారెంటు ఇస్తూ ఇద్దరి పేర్లు పెట్టింది. ఒకటి వ్లాదిమిర్ పుతిన్, రెండోది రష్యాలో పిల్లల హక్కుల కమిషనర్‌గా ఉన్న మరియా ల్వోవా-బెలోవా. పిల్లల హక్కులు చూడాల్సిన ఆవిడే రెండో ముద్దాయి, అది గమనించావా? ఆ కోర్టు ప్రాణమంతా ఇందులోనే ఉంది. దేశం చేసింది, సైన్యం చేసింది అంటే ఒప్పుకోదు. మనిషి పేరు కావాలి. దేశాధినేత కదా అని వదిలేది లేదని, ఆ కోర్టును పుట్టించిన రోమ్ ఒప్పందం 27వ అధికరణం తేల్చి చెప్పింది.

ఆరో పేజీలో పెద్ద తప్పు ఉంది. "దక్షిణాఫ్రికా వేసిన కేసులో నెతన్యాహుకు వారెంటు జారీ అయింది" అని రాశావు. హేగ్ అనే ఒకే ఊళ్లో రెండు కోర్టులున్నాయి, రెండింటినీ కలిపేశావు. మన కోర్టు భాషలో చెప్పాలంటే ఒకటి సివిల్ దావా లాంటిది, ఇంకోటి క్రిమినల్ కేసు. అంతర్జాతీయ న్యాయస్థానంలో దేశం మీద దేశం దావా వేస్తుంది. దక్షిణాఫ్రికా 2023 డిసెంబరు 29న ఇజ్రాయెల్ మీద జాతినిర్మూలన ఒప్పందం కింద వేసింది అక్కడ. 2024 జనవరి 26న వచ్చింది మధ్యంతర ఉత్తర్వు, మనవాళ్లు ఇంజంక్షన్ అంటారే, ఆ బాపతు. జాతినిర్మూలన రుజువైందని ఆ ఉత్తర్వు చెప్పలేదు, లేదనీ చెప్పలేదు. విచారణ తేలేలోపు జరగకూడనిది జరగకుండా చూడమంది. ఆ మర్నాడు మన పేపర్లలో సగం "దోషి" అని, సగం "ఊరట" అని హెడ్డింగులు పెట్టాయి. నువ్వు ఆ రెండు గుంపుల్లోనూ చేరకు.

నెతన్యాహు వారెంటు రెండో కోర్టుది. 2024 నవంబరు 21న ఇచ్చింది. ఆయనతో పాటు రక్షణమంత్రిగా చేసిన గాలంట్ మీదా ఇచ్చింది, జనాన్ని ఆకలితో మాడ్చడాన్ని యుద్ధంలో ఆయుధంగా వాడారన్న ఆరోపణ కూడా అందులో ఉంది. అదే రోజు హమాస్ సైనిక నాయకుడు మహమ్మద్ డైఫ్ మీద కూడా ఇచ్చింది. అతను చనిపోయాడని తేలాక దాన్ని తీసేశారు. ఒకే రోజున రెండు వైపులా పేర్లు పెట్టిన ఆ సంగతి నీ వ్యాసంలో లేదు. 2023 అక్టోబరు 7న హమాస్ వాళ్లు ఇజ్రాయెల్ మీద పడి దాదాపు 1,200 మందిని చంపి 251 మందిని బందీలుగా పట్టుకెళ్లిన సంగతీ లేదు. మర్చిపోయావా, రాస్తే నీ వాదం పలచబడుతుందని వదిలేశావా? రెండోది అయితే మనం కూర్చుని మాట్లాడుకోవాలి. గాజాలో చనిపోయినవాళ్లు 60 వేలు దాటారని మాత్రం రాశావు. ఆ లెక్క గాజా ఆరోగ్యశాఖది, అది కూడా వాక్యంలోకి రావాలి. లెక్కకు కూడా కర్త ఉంటాడు.

బాలగోపాల్ గారిని నువ్వు చూసి ఉండవు. వరంగల్‌లో లెక్కలు చెప్పిన మనిషి, తర్వాత నల్లకోటు వేసుకున్నారు. ఎన్‌కౌంటర్ల మీద పోలీసులను నిలదీసినంత గట్టిగా నక్సలైట్లు చేసిన హత్యలనూ నిలదీయాలన్నారు. దానికి శత్రువుల కంటే స్నేహితులే ఎక్కువ బాధపడ్డారు. పౌరహక్కుల సంఘం నుంచి బయటికొచ్చాక 1998లో మానవ హక్కుల వేదిక పెట్టారు. 2009 అక్టోబరు 8న పోయారు. ఏదైనా సంఘటన రాసేటప్పుడు ఆయన ఎలా చదువుతారో అని ఇప్పటికీ అనుకుంటాను, కొంచెం భయంగానే ఉంటుంది. నీకూ అలాంటి ఒక మనిషిని వెతుక్కో. నీతో ఏకీభవించే మనిషి మాత్రం వద్దు.

పెద్ద దేశాల సంగతి నువ్వు బాగానే పట్టుకున్నావు. పుతిన్ మీద వారెంటు సబబే అన్న బైడెన్, నెతన్యాహు మీద అడిగేసరికి మండిపడ్డారు. ట్రంప్ వచ్చాక 2025 ఫిబ్రవరిలో ఏకంగా ఆ క్రిమినల్ కోర్టు ప్రాసిక్యూటర్ మీదే ఆంక్షలు పెట్టారు. నీ ఎనిమిదో పేజీ ఇదంతా చెబుతుంది, కోపం కూడా సరైన చోటే ఉంది. కానీ అక్కడ ఇంకో పేరా రావాలి. 1998 జులై 17న రోమ్‌లో ఆ ఒప్పందానికి 120 దేశాలు అనుకూలంగా ఓటేశాయి, 7 వ్యతిరేకించాయి, 21 తటస్థంగా ఉన్నాయి. ఆ 21లో మనం ఉన్నాం. ఇప్పటికీ మనం సభ్యులం కాదు, అమెరికా, రష్యా, చైనా, ఇజ్రాయెల్ కూడా కాదు. మనవాళ్ల అభ్యంతరాల్లో ఆలోచించదగ్గవీ ఉన్నాయి. సభ్యత్వం లేని దేశం మీద కూడా కేసు పంపే అధికారం భద్రతామండలికి ఇవ్వడం అందులో ఒకటి. ఒప్పుకుంటావో కాదంటావో నీ ఇష్టం, చెప్పకుండా మాత్రం దాటేయకు. అమెరికాను అడిగిన ప్రశ్న ఢిల్లీని అడగని వ్యాసాన్ని నేనైతే సగంలో మూసేస్తాను.

జులై 17 అంతర్జాతీయ న్యాయదినం అంటూ వ్యాసం మొదలుపెట్టావు. మన దగ్గర ఆ తేదీకి ఇంకో గుర్తు ఉంది. 1985లో అదే జులై 17న చీరాల దగ్గరి కారంచేడులో ఆరుగురు దళితులను చంపారు. తాగునీటి చెరువు దగ్గర గేదెల విషయంలో మొదలైన మాట అది. చీరాల ఇక్కడికి ఎంత దూరం? ఇది నీ వ్యాసంలో పెట్టమని బలవంతం చేయను, ఇరికించినట్టు ఉంటే అసలే వద్దు. కానీ తెలిసి వదిలేయడం వేరు.

"హేగ్ కోర్టు పళ్లు లేని పులి" అని ముగించావు. కొట్టేశాను. అందరూ అనే మాట, పైగా ఏం జరుగుతోందో చెప్పదు. అక్కడ జరిగేది మన కోర్టుల్లో రోజూ చూస్తాం. నాన్ బెయిలబుల్ వారెంటు ఉంటుంది, దాన్ని పట్టుకెళ్లే కానిస్టేబులు ఉండడు. ఆ కోర్టుకు సొంత పోలీసులు లేరు. సభ్యదేశాలు 125 దాకా ఉన్నాయి, పట్టి ఇవ్వాల్సింది అవే. 2024 సెప్టెంబరులో పుతిన్ మంగోలియా వెళ్తే, సభ్యదేశం అయ్యుండీ గౌరవవందనం చేసి సాగనంపింది. సూడాన్‌ను ఏలిన బషీర్ 2015లో దక్షిణాఫ్రికా వెళ్తే, అక్కడి కోర్టు దేశం దాటనివ్వొద్దని చెప్పినా విమానం ఎక్కించి పంపేశారు. ఇజ్రాయెల్ మీద దావా వేసిన దక్షిణాఫ్రికా ఇదే మరి. ఈ రెండూ ఒకే పేజీలో పక్కపక్కన పెట్టి చూడు, నువ్వు ఒక్క విశేషణం కూడా వాడక్కర్లేదు.

మరి వారెంటు ఎప్పుడు పనిచేస్తుంది? 2025 మార్చి 11న ఫిలిప్పీన్స్ మాజీ అధ్యక్షుడు దుతెర్తే హాంకాంగ్ నుంచి మనీలాలో దిగాడు, విమానాశ్రయంలోనే పట్టుకుని హేగ్ పంపారు. డ్రగ్స్ మీద యుద్ధం పేరుతో జరిగిన హత్యల కేసు. ఆయన హయాంలోనే ఆ దేశం కోర్టు సభ్యత్వం వదులుకుంది, అయినా సభ్యత్వం ఉన్న రోజుల లెక్క మిగిలే ఉంది. ఇది న్యాయం గెలుపు అని రాయాలని చెయ్యి దురద పెడుతుంది. ఆగు. దుతెర్తే కుటుంబానికీ, ఏలుతున్న మార్కోస్ కుటుంబానికీ చెడింది. చెడకపోతే ఆ కానిస్టేబులు వచ్చేవాడా? అందుకని ఆ అరెస్టు అబద్ధమూ కాదు. కొడుకులను పోగొట్టుకున్న తల్లులు ఏళ్ల తరబడి కాగితాలు దాచకపోతే, రాజకీయం తిరగబడిన రోజున చేతిలో కేసే ఉండేది కాదు. ఈ రెండు మాటలూ ఒకే పేరాలో పట్టేలా రాయగలిగితే నీకు రాయడం వచ్చినట్టే. నాకు ఇప్పటికీ సరిగ్గా కుదరదు.

చుండూరు సంగతి ఇంకొంచెం చెప్పాలి. అక్కడ ప్రత్యేక కోర్టు ఊళ్లోనే పెట్టారు. సాక్షులు టౌనుకు బస్సెక్కి, వాయిదా పడిందని తెలుసుకుని, కూలి పోగొట్టుకుని తిరిగెళ్లే పని లేకుండా కోర్టే వాళ్ల దగ్గరికి వచ్చింది. 2007 జులై 31న తీర్పు. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది. పదహారేళ్లు పట్టింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. నువ్వు అంతర్జాతీయ కోర్టు గురించి రాసేటప్పుడు సాక్షి ఎక్కడి నుంచి వస్తున్నాడో అడుగు. సూడాన్‌లోని డార్ఫూర్ నుంచి హేగ్ ఎంత దూరం, అక్కడ ఏ భాషలో మాట్లాడాలి, తిరిగెళ్లాక ఊళ్లో ఎవరి మొహం చూడాలి? కోర్టు గొప్పదనం తీర్పులో కనబడుతుందని అనుకుంటాం. నేను మాత్రం ముందు సాక్షి ఎక్కడ కూర్చున్నాడో చూస్తాను. ఒక రోజు పని మానుకుని బెజవాడ కోర్టులో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చో. నోటుబుక్కు తీయకు. ఎంతమందిని పిలిచారు, ఎంతమంది వచ్చారు, అది చూసుకో చాలు.

ఒక చిన్న సరదా సంగతి, వ్యాసంలో వాడుకున్నా నాకు అభ్యంతరం లేదు. 1948 డిసెంబరు 10న వచ్చిన మానవ హక్కుల ప్రకటనలో మొదటి అధికరణం ముసాయిదాలో ఇంగ్లిషులో "మెన్ అందరూ" అని ఉండేది. మన దేశం తరఫున వెళ్లిన హంసా మెహతా గారు పట్టుబట్టి దాన్ని "హ్యూమన్ బీయింగ్స్ అందరూ" అని మార్పించారు. మెన్ అని ఉంచితే మగవాళ్లేనని చదివే దేశాలు ఉంటాయని ఆవిడ భయం. ఒక్క మాట కోసం గట్టిగా నిలబడ్డారు. మనకు ఆ గొడవ లేదు, మనుషులు అంటే అందరూ వస్తారు. ఆ సుఖం మనకు ఉంది కదా అని "హతమయ్యారు" అంటూ తిరగడం బాగుందా?

ఇప్పుడేం చెయ్యాలంటే, పదకొండు పేజీల్లో ఒక్క స్టేషన్లో దిగు. ఆ ఆసుపత్రి అయినా సరే, ఆ పిల్లలైనా సరే, దుతెర్తే అయినా సరే. మిగతా పది ఊళ్లు ఎక్కడికీ పోవు. నలభై మూడు వాక్యాలకూ కర్తను వెతుకు. కొన్నింటికి నిజంగానే దొరకడు, అప్పుడు "ఎవరు చేశారో తేలలేదు, ఫలానా వాళ్లు దర్యాప్తు చేయాలి, ఇంకా చేయలేదు" అని రాయి. అక్కడ కూడా చేయని వాడు ఒకడు ఉన్నాడు చూశావా.

మీ పిన్ని నిన్ను ఆదివారం భోజనానికి రమ్మంటోంది. గోంగూర చేస్తుందట. కారం తగ్గించమని ముందే ఫోను చెయ్యి, లేకపోతే తగ్గించదు.

నీ వ్యాసంతో పాటు ఒక జిరాక్సు కాగితం కూడా మీ నాన్నకు ఇస్తున్నాను. 1991 ఆగస్టు నాటి నా వార్త, ఆ "ఇరువర్గాల ఘర్షణ" అన్నది. అసలు కటింగు పసుపుపచ్చగా అయిపోయింది, ముట్టుకుంటే విరిగేలా ఉందని పంపలేదు. వచ్చేటప్పుడు దాన్ని ఎర్ర పెన్నుతో దిద్ది తీసుకురా.

మీ బాబాయ్