రాత్రి డ్రిల్‌లో ఐసీయూ ఎందుకు ఖాళీ కాలేదంటే

మీ ఆసుపత్రిలో పగలు బాగా జరిగిన ఫైర్ డ్రిల్ రాత్రి రెండింటికి తడబడి, ఐసీయూ ఖాళీ కాలేదంటే, మీ శిక్షణంతా పగటి సిబ్బంది లెక్కతో సాగినట్టే. 2011లో కోల్‌కతా ఆమ్రి ఆసుపత్రి ప్రమాదమూ తెల్లవారుజామునే జరిగింది. ఎక్కువమందిని బలి తీసుకున్నది పొగ.

1. రాత్రి డ్యూటీలో ఎంతమంది ఉంటారో అంతమందితోనే డ్రిల్ చేయించండి. ఆయాలు, వార్డు బాయ్‌లు, సెక్యూరిటీ కూడా ఉండాలి.

2. అందరూ మరిచిపోయేది ఆక్సిజన్ వాల్వు, అంటే వార్డుకు పైపుల్లో వచ్చే ఆక్సిజన్‌ను ఆపేది. దాన్ని ఎవరు కట్టేయాలో ప్రతి షిఫ్టు మొదట్లో పేరు పెట్టి చెప్పండి. కట్టే ముందు ఆక్సిజన్ మీదున్న రోగుల్ని సిలిండర్‌కు మార్చాలి. ఈ వరస తప్పితే మంట కన్నా ముందే ప్రాణం పోతుంది. కాగితం మీద చెబితే చాలదు, ప్రతి నర్సూ వాల్వు దగ్గరికెళ్లి చూపించాలి.

3. రోగుల్ని ముందు అదే అంతస్తులో ఫైర్ డోర్ (మంటను, పొగను అడ్డుకునే తలుపు) అవతలికి జరపండి. లిఫ్టు వద్దు.